చేయి పట్టని సందులో డ్రైనేజీ పైపు కారుతుంటే: జాయింటు మార్చే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

మా వంటింటి గోడకూ పక్కింటి ప్రహరీకీ మధ్య సందు టేపు పెట్టి కొలిస్తే 16 ఇంచులు. నల్గొండ పాత కాలనీల్లో ఇలాంటి సందు లేని ఇల్లు తక్కువ. ఇల్లు కట్టేటప్పుడు గోడను హద్దు దాకా జరుపుకుంటారు, మిగిలిన ఆ మూరెడు జాగలో సింకు పైపు, జాలారి పైపు, బోరు మోటారు వైరు అన్నీ దింపేస్తారు, ఎప్పుడో ఒకరోజు అక్కడికి మనిషి వెళ్లి పని చేయాల్సి వస్తుందన్న ఆలోచన ఎవరికీ రాదు. మాకు ఆ రోజు పోయిన ఎండాకాలంలో వచ్చింది. పక్కింటి పెద్దమ్మ ప్రహరీ మీదుగా పిలిచి "మీ మోరి నీళ్లు మా గోడకు దిగుతున్నయ్ బిడ్డా, జర సూడు" అన్నది.

వెళ్లి చూస్తే సింకు నీళ్లు గోడలోంచి బయటికి వచ్చి కిందికి తిరిగే ఎల్బో దగ్గర కారుతున్నాయి. మా బేస్‌మెంటు మూడడుగుల ఎత్తు కాబట్టి సందులో నిలబడితే ఆ ఎల్బో ఛాతీ ఎత్తులో ఉంటుంది. కానీ పక్కకు తిరిగి దూరితే తప్ప మనిషి పట్టడు, దూరాక ఒక చేయే ఆడుతుంది, పైపు వెనక గోడకు ఖాళీ తక్కువ. ఒక ప్లంబర్‌ను పిలిస్తే ఆయన తడి పైపు మీదే ఎంసీల్ ముద్ద పెట్టి, పైన తెల్ల సిమెంటు పూసి వెళ్లాడు. పన్నెండు రోజులకు ముద్ద ముద్దగానే ఊడి కింద పడింది. ఆ తర్వాత నేనే చేశాను, మూడు ఆదివారాలు పట్టింది. అందులో రెండు వారాలు తప్పు పద్ధతిలో పోయాయి, మూడో వారం పని రెండు గంటల్లో అయిపోయింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, మొదటి రెండు వారాలు చేయి పట్టని చోటే కూర్చుని జాయింటును బాగుచేయాలని చూశాను. మూడో వారం ఆ ముక్క మొత్తం కోసి బయటికి తెచ్చి, కొత్తదాన్ని వాకిట్లో కూర్చుని అతికించి, తయారైన ముక్కను సందులోకి తీసుకెళ్లాను. ఇరుకు చోట పైపు పని అంటే పనిని చేయి ఆడే చోటికి తెచ్చుకోవడమే. ఇక మిగతాదంతా దానికి ఏర్పాట్లు.

ముందు అది డ్రైనేజీ నీళ్లేనా చూసుకోండి

డ్రైనేజీ పైపులో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండవు, మనం వాడినప్పుడే పారతాయి. అందుకని రాత్రి అందరూ పడుకున్నాక పైపును గుడ్డతో పొడిగా తుడిచి, తెల్లారి ఎవరూ ట్యాపు తిప్పకముందే వెళ్లి చూడండి. తడి ఉంటే అది డ్రైనేజీ కాదు, ట్యాంకు నుంచి వచ్చే మంచినీళ్ల లైను గోడలో ఎక్కడో కారుతోంది, లేదా ట్యాంకు పొర్లుతోంది. పొడిగా ఉండి, గిన్నెలు తోమడం మొదలుపెట్టాక తడి వస్తే డ్రైనేజీనే.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. సింకులో ట్యాపు సన్నగా వదిలి పది నిమిషాలు చూడండి. తర్వాత బకెట్ నీళ్లు ఒక్కసారి గుమ్మరించండి. సన్నధారకు కూడా కారితే జాయింటులోనో పైపులోనో పగులు ఉన్నట్టు. సన్నధారకు ఏమీ కాకుండా బకెట్ పోసినప్పుడే కారితే కింద ఎక్కడో పైపు సగం మూసుకుపోయింది, నీళ్లు వెనక్కి లేచి జాయింటు దాకా వస్తున్నాయి. అలాంటప్పుడు ముందు జామ్ తీయాలి. అది తీయకుండా జాయింటు మార్చితే ఇంకో జాయింటు దగ్గర మళ్లీ మొదలవుతుంది. జామ్ తీయడానికి కింద ఛాంబర్ మూత తెరిచి, అక్కడి నుంచి పైకి స్ప్రింగు తీగ పంపితే సరిపోతుంది. యాసిడ్ పోయకండి. పోసినా, దానికి ముందో వెనకో బ్లీచింగ్ పౌడర్ మాత్రం వేయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, గాలి ఆడని సందులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఛాంబర్ అంటే నేను చెప్పేది రెండడుగుల లోతు ఇంటి ఛాంబర్. సెప్టిక్ ట్యాంకులోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ దిగకండి, ఎవరినీ దింపకండి. రక్షణ సామాను లేకుండా అలా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది.

ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవడం

తడి కనిపించే చోటు వేరు, కారే చోటు వేరు. నీళ్లు పైపు ఒళ్లంతా పాకి, ఎక్కడో కింద చుక్కగా రాలతాయి. మన వైపు బోరు నీళ్లు ఉప్పు నీళ్లు కావడం ఇక్కడొక మేలు చేస్తుంది. కొన్నాళ్లుగా కారుతున్న జాయింటు నుంచి కిందికి తెల్లటి చార కడుతుంది, కుండ అడుగున పేరుకునే గార లాంటిదే. ఆ చార పైకి ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. గోరుతో గీకితే పొడిలా రాలుతుంది.

వెనక వైపు కనపడకపోతే సెల్‌ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, టార్చి వెలిగించి, కర్రకు రబ్బరు బ్యాండుతో కట్టి పైపు వెనక్కి మెల్లగా పంపండి. బయటికి తెచ్చి ఆపి ఆపి చూడండి. నాకు ఎల్బో వెనక అంచున వెంట్రుక మందం గీత అలాగే దొరికింది. ఇంకా అనుమానంగా ఉంటే పైపును తుడిచి, జాయింటుకు పైన ఒక వార్తాపత్రిక పట్టీ, కింద ఒక పట్టీ చుట్టి దారం కట్టండి. బకెట్ నీళ్లలో కొంచెం నీలిమందు కలిపి సింకులో పోయించండి. ముందు ఏ పట్టీ నీలంగా తడుస్తుందో చూస్తే లీకు దానికి పైనే అని తేలిపోతుంది. ఈ పనికి ఇంకొకరు కావాలి, లోపల నీళ్లు పోయడానికి ఒకరు, సందులో చూడడానికి ఒకరు.

సందులోకి దిగే ముందు

ఎన్నాళ్లుగానో ఎవరూ అడుగుపెట్టని చోటు అది. తడి, చీకటి, పడిపోయిన ఇటుక ముక్కలు, అంటే తేళ్లు ఉండే అన్ని వసతులూ ఉన్నాయి. ముందు పొడుగు కర్రతో కెలికి, చెత్త బయటికి లాగి, ఒక బకెట్ నీళ్లు కొట్టి అరగంట ఆగండి. బూట్లు, చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకోండి. మోటారు వైరు అదే సందులో పోతుంటే మెయిన్ ఆఫ్ చేయండి, స్విచ్చి ఒక్కటి ఆపితే చాలదు, తడి గోడ మీద పాత వైరును నమ్మకూడదు. ఎండాకాలం మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు కాబట్టి పొద్దున ఆరు గంటలకే మొదలుపెట్టండి. ఇది ఒంటికే కాదు, పైపులు అతికించే జిగురుకు, అంటే పైపు సొల్యూషన్‌కు కూడా మంచిది. ఎండలో అది పూసిన వెంటనే పైన పొర కట్టేసి, లోపలికి దూర్చేలోపే పట్టు పోతుంది.

మీది పాత ఇల్లయి, పైపు ప్లాస్టిక్ కాకుండా బూడిద రంగు సిమెంటు పైపు అయితే ఇక్కడే ఆగండి. వాటిలో చాలావరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దాన్ని కోయకుండా, పక్కనుంచి కొత్త లైను వేయించుకోవడమే మేలు.

సైజు కొలవడం, సామాను తేవడం

ఇరుకులో పైపు అడ్డం కొలవడానికి టేపు ఆడదు. ఒక దారం చుట్టి, చుట్టుకొలత తీసుకోండి. 15.7 సెంటీమీటర్లు వస్తే అది 50 ఎం.ఎం. పైపు, 19.8 వస్తే 63, 23.5 వస్తే 75, 34.5 వస్తే 110. షాపులో 110ని నాలుగు ఇంచుల పైపు అనీ, 75ని రెండున్నర అనీ, 63ని రెండు ఇంచులు అనీ అంటారు. ఎం.ఎం.లో అడిగితే గందరగోళం ఉండదు. పైపు మీద ఐ.ఎస్. 13592 అని ముద్ర ఉంటుంది, దాని పక్కనే టైప్ ఏ అనో టైప్ బీ అనో ఉంటుంది. టైప్ ఏ పలచన, వాన నీళ్లకూ గాలి పైపుకూ వాడేది. వాడిన నీళ్లకు టైప్ బీ తీసుకోండి, ధరలో తేడా పెద్దగా ఉండదు.

నేను ప్రకాశం బజార్ వైపు వెళ్లి తెచ్చుకున్నవి ఇవి: 75 ఎం.ఎం. ఎల్బో ఒకటి, మూత ఉన్న రకం. షాపులో డోర్ ఎల్బో అంటే ఇస్తారు, ఈసారి జామ్ అయితే ఆ మూత విప్పి కెలకవచ్చు, చేయి పట్టని చోట ఈ నాలుగు రూపాయల తేడా చూసుకోకండి. రెండడుగుల పైపు ముక్క. రెండు వైపులా రబ్బరు రింగు ఉండి, మధ్యలో గట్టు లేని రిపేర్ కప్లింగ్ ఒకటి. కప్లింగ్ అంటే రెండు పైపుల కొసలను కలిపే పొట్టి గొట్టం. మామూలు కప్లింగ్‌లో లోపల మధ్యన సన్నటి గట్టు ఉంటుంది, పైపు అక్కడికి వచ్చి ఆగిపోతుంది. గట్టు లేనిదైతే పైపు మీద పూర్తిగా కిందికి జార్చి, మళ్లీ పైకి లాగవచ్చు. మొత్తం పద్ధతికి ఇదే కీలకం. అది దొరక్కపోతే మామూలు కప్లింగ్ తెచ్చి అర్ధచంద్రాకారం ఆకురాయితో ఆ గట్టును అరగదీయండి, కానీ అప్పుడు రబ్బరు రింగు ఉండదు, సొల్యూషన్‌తో అతికించాలి. ఇంకా పైపు సొల్యూషన్ చిన్న డబ్బా, ఎమిరీ పేపరు, పైపును గోడకు పట్టి ఉంచే క్లాంపులు రెండు, ఒక హోస్ క్లిప్ (స్క్రూతో బిగించే ఇనుప పట్టీ), మార్కర్ పెన్ను, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు లాగే నైలాన్ దారం ఒక ఉండ.

సొల్యూషన్ డబ్బా షాపులోనే మూత తీసి చూడండి. తేనెలా కారాలి. జెల్లీలా ముద్ద కట్టి ఉంటే పాతది, తీసుకోకండి. ఏదో కలిపి పలచన చేసినా దానికి పట్టు తిరిగి రాదు.

కోత

మొదట ఎక్కడ కోయాలో ఇంట్లోనే కాగితం మీద గీసుకోండి. రెండు కోతలు చాలు. ఒకటి గోడలోంచి బయటికి వచ్చిన పైపు మీద, పాత ఎల్బో అంచుకు ఆనించి. రెండోది కిందికి దిగే పైపు మీద, ఎల్బోకు ఒకటిన్నర అడుగు కింద, అంటే చేయి బాగా ఆడే చోట. ఈ రెండింటి మధ్య ముక్క మొత్తం బయటికి వచ్చేస్తుంది. ఎల్బో దగ్గర్లోనే రెండో కోత కూడా పెట్టాలని అనిపిస్తుంది, పైపు తక్కువ వృథా అవుతుందని. పెట్టకండి. నేను మొదటి వారం చేసిన తప్పు అదే, కప్లింగ్ తిప్పడానికి చేయి చాలక గంటసేపు తంటాలు పడ్డాను.

గోడ నుంచి పాత ఎల్బో అంచు దాకా ఎంత పైపు బయట ఉందో కొలవండి. కొత్త ఎల్బో నోటి లోతు ఎంతో, కనీసం అంత ఉండాలి. మాకు రెండున్నర ఇంచులు ఉంది, ఎల్బో లోతు రెండు ఇంచుల లోపే, సరిపోయింది. తక్కువ ఉంటే పైపు చుట్టూ ప్లాస్టరింగు చిన్న ఉలితో ఇంచు లోతు చెక్కండి. అదీ చాలకపోతే వంటింటి వైపు నుంచి గోడలో పైపునే లాగి, పొడుగు ముక్క తోయాలి. సింకు కింద అల్మారా ఖాళీ చేస్తే ఇది అనుకున్నంత కష్టం కాదు.

కింది పైపు బరువును ముందే కట్టేయండి. రెండో కోతకు కింద ఒక క్లాంపు బిగించండి. మా ఇంట్లో పాత క్లాంపుల మేకులు తుప్పు పట్టి ఊడిపోయి, నాలుగున్నర అడుగుల పైపు మొత్తం ఆ ఎల్బోకు వేలాడుతోంది. ఏళ్ల తరబడి ఆ బరువే జాయింటును లాగింది.

హాక్సా ఫ్రేము సందులో ఆడదు. బ్లేడు ఒక్కటే తీసి, ఒక చివర గుడ్డ చుట్టి కోయవచ్చు, కింది కోతకు అది చాలు. గోడ దగ్గరి కోతకు మాత్రం నైలాన్ దారమే దిక్కు. నాలుగడుగుల దారం తీసుకోండి. వంచిన బైండింగు తీగ కొసకు కట్టి పైపు వెనక నుంచి ముందుకు తీయండి. కోత వంకర పోకుండా గీత పక్కనే హోస్ క్లిప్ బిగించండి, దారం దాని అంచు వెంట పోతుంది. రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు ఒకటి లాగుతూ ఒకటి వదులుతూ పొడుగ్గా లాగండి. రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి దారం లోపలికి దిగుతుంది. దారంలో ఒకే చోటు రాసుకుంటే అది తెగిపోతుంది, అందుకే పొడుగ్గా లాగాలి. నాకు మూడు దారాలు తెగాయి, నాలుగో దారానికి పని అయింది. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది, మూతికి గుడ్డ కట్టుకోండి, మధ్యలో రెండుసార్లు బయటికి వచ్చి గాలి పీల్చుకోండి. పాత పైపులో నిలిచిన నీళ్లు మీద పడతాయి కాబట్టి కింద టబ్బు పెట్టండి.

ముక్క బయటికి రాగానే కింది పైపు నోట్లో గుడ్డ కుక్కండి. ఆ గుడ్డకు దారం కట్టి, దారం కొస బయటే ఉంచండి, లేకపోతే అది లోపలికి జారి కొత్త తలనొప్పి అవుతుంది.

కోసి తీసిన ఎల్బోను కడిగి వాకిట్లో పెట్టి నిలువునా కోసి చూశాను. నోటి లోతు రెండు ఇంచుల దాకా ఉంటే పైపు దూరింది ముప్పావు ఇంచు మాత్రమే. మిగతా జాగ అంతా జిడ్డు, అన్నం మెతుకులు పట్టి నల్లగా గట్టిపడింది, దాని మీద తెల్లటి గార. కట్టిన రోజే పైపు కోతలో ఇంచుకు పైగా పొట్టి అయి ఉంటుంది, అయినా పూసి తోసేశారు. ఇంకో చోట కప్లింగ్ ఖర్చు మిగల్చడానికి పైపు కొసను మంటతో కాల్చి, వెడల్పు చేసి, రెండో పైపును అందులో దూర్చారు. ఆ కాల్చిన అంచు గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే పటుక్కుమంది. మన దగ్గర ఈ కాల్చే పద్ధతి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కాల్చినప్పుడు పైపు గోడ సాగి పలచనవుతుంది. మీ ఇంట్లో పని జరుగుతుంటే పక్కన నిలబడి వద్దని చెప్పండి, ఒక కప్లింగ్ మీరే కొనివ్వండి.

బయట కూర్చుని ముక్క తయారు చేయడం

కోసి తీసిన పాత ముక్కను కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూసుకోండి. కొత్త ముక్క, కింది పైపుకు మధ్య పావు ఇంచు ఖాళీ ఉండేలా పైపును కోయాలి. ఎండకు పైపు సాగుతుంది, ఆ పావు ఇంచు దానికోసం. ఆ ఖాళీని కప్లింగ్ కప్పేస్తుంది కాబట్టి భయం లేదు.

కోసిన అంచును ఆకురాయితో కొంచెం ఏటవాలుగా చెక్కండి, లోపలి వైపు నూగు గీకేయండి, ఆ నూగుకే అన్నం మెతుకులు పట్టుకుంటాయి. ముందు సొల్యూషన్ లేకుండా ఎల్బోలో దూర్చి, పైపు ఎంత లోపలికి పోయిందో మార్కర్‌తో గీత పెట్టండి. ఎల్బో నోరు ఎటు తిరగాలో దానికి కూడా పైపు మీదా ఎల్బో మీదా కలిసేలా ఒక గీత. ఈ రెండో గీత లేకుండా అతికించితే సందులోకి వెళ్లాక ఎల్బో గోడ వైపు కాకుండా పక్కకు తిరిగి ఉంటుంది, అప్పటికి గట్టిపడిపోయి ఉంటుంది.

తర్వాత విప్పి, రెండు ముఖాలూ ఎమిరీతో మెరుపు పోయే దాకా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. సొల్యూషన్ ఎల్బో లోపల పలచగా, పైపు మీద గీత దాకా కొంచెం ఎక్కువగా పూయండి. వెంటనే తోసి, పావు చుట్టు తిప్పి, గీతలు కలిశాక అర నిమిషం కదలకుండా పట్టుకోండి. పట్టుకోకపోతే పైపు తనంతట తానే మెల్లగా వెనక్కి వస్తుంది. బయటికి పొంగిన సొల్యూషన్ తుడిచేయండి. అరగంట నీడలో పెట్టండి. ఆ సొల్యూషన్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది, పక్కన బీడీ, సిగరెట్ వద్దు.

సందులో బిగించడం

ముందుగా రిపేర్ కప్లింగ్. దాని రబ్బరు రింగులకు సబ్బు నీళ్లు రాయండి, గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కింది పైపు కొసను కూడా ఏటవాలుగా చెక్కి, గుడ్డ తీసి, కప్లింగ్‌ను ఆ పైపు మీద పూర్తిగా కిందికి జార్చండి. పైపు పైకొస కప్లింగ్ పైఅంచుతో సమం కావాలి. క్లాంపు అడ్డొస్తే ఇంకో రెండు ఇంచులు కిందికి జరుపుకోండి. కొస నుంచి కప్లింగ్ పొడవులో సగం కొలిచి కింది పైపు మీద ఒక గీత, అలాగే కొత్త ముక్క కింది కొస మీద ఒక గీత పెట్టండి. చివర్లో కప్లింగ్ ఆ రెండు గీతల మధ్య కూర్చోవాలి.

ఇప్పుడు గోడలోంచి వచ్చిన ముక్క. అది పొడిగా ఉండాలి, ఇక్కడ రాజీ లేదు. రాత్రే సింకు వాడకం ఆపేయించి, పొద్దున పొడి గుడ్డలు మార్చి మార్చి తుడవండి, మెయిన్ ఆఫ్ చేయాల్సిన పని లేని ఇల్లయితే పది నిమిషాలు హెయిర్ డ్రయ్యర్ గాలి గానీ టేబుల్ ఫ్యాన్ గాలి గానీ కొట్టించండి. లోపల నుంచి ఇంకా చెమ్మ చుక్క దిగుతుంటే పైపు లోపల గుడ్డ ఉండ, దానికీ దారం. ఎమిరీ వెనక వైపు అందకపోతే పొడుగు పట్టీగా చించి, పైపు చుట్టూ తిప్పి, రెండు కొసలూ మార్చి మార్చి లాగండి, దారంతో కోసినట్టే.

గుడ్డ ఉండ లాగేసి, సొల్యూషన్ పూసి, తయారు చేసిన ముక్కను గోడ వైపు నేరుగా తోయండి. తిప్పడానికి జాగ లేకపోతే కింది కొసను పట్టుకుని కుడి ఎడమలకు రెండు ఇంచులు ఊపితే ఎల్బో లోపల ఆ తిప్పుడు పని జరుగుతుంది. పొడుగు ముక్కను ఎల్బోకు ముందే అతికించినందుకు ఇక్కడ లాభం, అది పట్టుకోవడానికి పిడిలా పనికొస్తుంది. గీత దాకా దూరిందో లేదో వేలితో తడిమి చూసి, ఒక నిమిషం ఒత్తి పట్టుకోండి. తర్వాత కింది కొసను కింది పైపుకు ఎదురుగా నిలిపి, కప్లింగ్‌ను రెండు చేతులా పట్టుకుని మెలితిప్పుతూ పైకి లాగండి. రెండు గీతల మధ్యకు వచ్చాక వదలండి. దానికి పైన ఇంకో క్లాంపు గోడకు బిగించండి, ఇక బరువు ఎల్బో మీద పడదు.

డబ్బా మీద రాసిన ఆరే సమయం చూసుకోండి. నేను సాయంత్రం దాకా ఒక్క చుక్క పోయనివ్వలేదు. అమ్మ ఆ రోజు గిన్నెలు బయట గోలెం దగ్గర తోమింది.

పరీక్ష ముందు చేసినట్టే. జాయింట్లకు వార్తాపత్రిక చుట్టి, నీలిమందు నీళ్లు మొదట సన్నగా, తర్వాత బకెట్, తర్వాత సింకు నిండా నింపి ఒక్కసారి బిరడా తీయండి. కాగితం పొడిగా ఉంటే సరే. మర్నాడు మళ్లీ ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూడండి.

ఆదివారం దాకా ఆగాలంటే

అన్నీ కుదిరే దాకా కారకుండా ఉండాలంటే సైకిల్ ట్యూబు కోసి, రెండు ఇంచుల వెడల్పు పట్టీ తీసి, బాగా సాగదీస్తూ ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా జాయింటు మీద చుట్టి, రెండు వైపులా హోస్ క్లిప్పులు బిగించండి. డ్రైనేజీలో ఒత్తిడి ఉండదు కాబట్టి కొన్ని వారాలు ఆగుతుంది. ఎంసీల్ పెట్టాలనుకుంటే పైపు పొడిగా ఉండాలి, ఎమిరీతో గరుకు చేయాలి, రెండు ముద్దలూ సమానంగా తీసుకుని ఒకే రంగు వచ్చే దాకా పిసకాలి, లీకుకు రెండు పక్కలా ఇంచు దూరం దాకా పట్టించాలి. పైపు పగిలితే ఇది పనికొస్తుంది. కానీ పైపు కదులుతున్న జాయింటుకు ఎంత మంచి ముద్ద పెట్టినా నిలవదు, అది గట్టిది, పైపు కదిలేది.

గోడ సంగతి

లీకు ఆగగానే రంగు వేయకండి. తడి గోడ ఆరడానికి వారాలు పడుతుంది, మా అల్మారా వెనక గోడకు నెలన్నర పట్టింది. ఆరేకొద్దీ తెల్లటి ఉప్పు పొడిలా పైకి వస్తుంది, దాన్ని పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. పొడి రావడం ఆగాక ప్లాస్టరింగు. పైపు గోడలోంచి బయటికి వచ్చే రంధ్రం చుట్టూ సిమెంటు గట్టిగా కూరకుండా, ముందు సన్నటి రబ్బరు పట్టీ చుట్టి ఆ తర్వాత సిమెంటు పెట్టించాను, పైపు సాగినప్పుడు గోడకు పట్టేసి మళ్లీ ఎల్బోను లాగకుండా. క్లాంపుల మేకులు మాత్రం వానలకు ముందు ఏటా ఒకసారి చేత్తో కదిలించి చూడండి.